ఫ్లాపీ డ్రైవును వంకర చేసిన మనిషి

మొన్న పింఛను కాగితం పనిమీద కిషన్‌బాగ్‌లో ఒక కంప్యూటర్ కేంద్రానికి వెళ్ళాను. అక్కడ కూర్చున్న పిల్ల తల ఎత్తకుండా టకటకా కొడుతోంది. నాకు చదువు రాదు. సంతకం పెట్టడం వచ్చు, బస్సు నంబరు గుర్తుపట్టడం వచ్చు, అంతే. తెర నిండా అక్షరాలు బారులు బారులుగా నిలబడ్డాయి. ఆ బారుల పైన, ఒక మూలన, చిన్న బొమ్మ కనిపించింది. నీలం చదరం, దానికి తెల్ల చీటీ, ఇనుప రేకు.

"అగో! మా ఫ్లాపీ!" అని అరిచాను. నా గొంతు మామూలు గొంతు కాదు. వెనక వరుసలో ఒకాయన చేతిలోని ఆధార్ కార్డు కింద పడేసుకున్నాడు.

"అవ్వా, గట్ల ఒర్లకు. అది ఫ్లాపీ గిట్ల కాదు, సేవ్ చేసే బటన్."

"గా బొమ్మ దేనిదో నీకు ఎర్కేనా బిడ్డా?"

"బొమ్మ బొమ్మనే అవ్వా. గట్లనే ఉంటది."

తెర మీద నాకు చదవడానికి వచ్చింది అదొక్కటే, దాన్నీ తప్పంది ఆ పిల్ల. కాగితం సంగతి మరిచిపోయి, ఆటో ఎక్కి నేరుగా హుస్సేనీ ఆలం వెళ్ళాను. ఒకప్పుడు మా కంప్యూటర్ బాగుచేసిన చాచా కొట్టు, మెట్ల కింద ఆ చిన్న గది, అక్కడే ఉంది. కానీ లోపల రంగురంగుల ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. కొట్లో ఉన్నతను చెప్పాడు: "చాచానా? ఆయన గుజర్ గయే అమ్మా. రెండేండ్లాయె."

చాచా పోయాడట. మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రావాలి కదా. నవ్వు వచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాను, కవర్ల అతను నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ మనిషిని తలుచుకుని ఏడ్వడం ఎవరి వల్లా కాదు, ఆయన అటువంటి అన్యాయం చేసి పోయాడు. అందుకే ఇంటికొచ్చి మా కోడల్ని కూర్చోబెట్టి, నేను చెబుతాను నువ్వు రాయి అన్నాను.

ఆయన పేరు నాకు తెలియదు. అందరూ చాచా అనేవారు, నేనూ చాచా అన్నాను. పేరు అడిగే ఖాళీ దొరకలేదు.

సన్నగా, పొడుగ్గా, గాలికి ఎండిన పొట్లకాయలా ఉండేవాడు. కళ్ళజోళ్ళు రెండు. ఒకటి ముక్కు మీద, ఒకటి నుదుటి మీద. రెండూ పెట్టుకునే "నా చష్మా ఏది?" అని బల్ల కింద వెతికేవాడు. "తీస్రా నహీ హై జీ!" అని గది మధ్య కట్టిన గుడ్డ తెర వెనక నుంచి ఆయన భార్య అరిచేది. మూడోది లేదని ఆమె రోజుకు పదిసార్లు చెప్పేది, ఆయన పదకొండోసారి వెతికేవాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం. దానికి ఆయనకు చింత లేదు. "సగం దునియా లొల్లి నాకు మాఫ్" అనేవాడు.

పాత రేడియోలు, టేపు రికార్డర్లు, ఎవరూ ముట్టని పాత కంప్యూటర్లు, ఇవన్నీ బాగుచేసేవాడు. ఏ యంత్రాన్నీ ఖరాబ్ అయిందని అననిచ్చేవాడు కాదు. "ఖరాబ్ అయ్యేది మనిషి బుద్ధి. మిషన్ నారాజ్ అయితది, గంతే. బుదగరించాలె." బుదగరించడమంటే పసిపిల్లకు చేసినట్టు దాని వీపు నిమరడం. ముందు ఉర్దూలో తిట్టేవాడు, తర్వాత తెలుగులో క్షమాపణ అడిగేవాడు. తిట్టింది దానికి అర్థం కాకూడదనుకున్నాడో, క్షమాపణ నాకు అర్థం కావాలనుకున్నాడో.

అన్నిటికన్నా పెద్ద గోల ఆయన జోకులు. "ఒక హకీం దగ్గరికి ఒంటె వచ్చిందట" అని మొదలుపెట్టేవాడు. అక్కడే నవ్వు. "ఒంటె... హకీంను..." ఇంకా నవ్వు. కళ్ళ నీళ్ళు, దగ్గు, రెండు కళ్ళజోళ్ళూ కింద. ఆ ఒంటెకు ఏం జబ్బో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. పైగా విప్పిన స్క్రూలను పెదాల మధ్య పెట్టుకునే అలవాటు. నవ్వు ఆగని మనిషి నోట్లో స్క్రూలు! పావుగంటకొకటి నేల మీద టింగుమని పడేది. వచ్చినవాళ్ళంతా వంగి వెతకాలి. నల్లకోటు వకీలు సాబు ఒకాయన మోకాళ్ళ మీద పాకడం నేను కళ్ళారా చూశాను.

నేను ఆయన దగ్గరికి ఎలా చేరానో చెప్పాలంటే, సిగ్గుపడే సంగతి ముందు చెప్పాలి.

మా ఆయనది నయాపూల్ దగ్గర కోర్టు గోడ పక్కన రేకు డబ్బా. టైపింగ్ పని. కిరాయి కాగితాలు, అఫిడవిట్లు, పేరు మార్పులు, బండి అమ్మకాలు, అన్నిటికీ నమూనాలు ఆయన సొంతంగా తయారుచేసుకున్నాడు. అవన్నీ ఫ్లాపీల మీదే ఉండేవి, కంప్యూటర్లో ఒక్కటీ ఉంచేవాడు కాదు. "దొంగోడు వస్తే డబ్బా ఎత్తుకపోతడు, నా మెదడు ఎట్ల ఎత్తుకపోతడు?" అని రోజూ సాయంత్రం ఫ్లాపీలన్నీ స్టీలు టిఫిన్‌లో సర్ది ఇంటికి తెచ్చేవాడు. కింది గిన్నెలో ఫ్లాపీలు, పై గిన్నెలో అన్నం. ఒకసారి పప్పు కారి అఫిడవిట్ల మీద పడింది. తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ వాడాడు. నేను పక్కన కూర్చుని కాగితాలకు పిన్నులు కొట్టేదాన్ని, గిరాకీని పిలిచేదాన్ని. "కిరాయి కాగితం! అఫిడవిట్టు! దా భాయ్ దా!" అని అరిస్తే వంతెన మీద పోయేవాళ్ళు తిరిగి చూసేవారు.

ఆషాఢంలో ఆయన పోయాడు. డబ్బా మూతపడింది. ఆయన దగ్గర టైపింగ్ చేసే శోభ అనే పిల్ల, "దస్రాకు తెరుద్దాం అత్తా, నేను కొడ్త" అంది. దసరాకు ఆ వరుసంతా ఆయుధపూజ చేసుకుంటారు. నేనూ మా కంప్యూటర్ తుడిచి, బంతిపూల దండ వేసి, కుంకుమ తీశాను. పక్క డబ్బా ఆమె ముక్కు మీద వేలేసుకుంది.

"మొగడు పోయి మూడు నెల్లు గాలే, నీకు కుంకుమ ఎందుకే?"

"నేను పెట్టుకుంటున్ననా? మిషన్‌కు పెడ్తున్న. నీకేమన్న నొప్పా?"

పౌరుషం కొద్దీ కొంచెం ఎక్కువే చేశాను. బొట్లు పెట్టాను. సాంబ్రాణి వేశాను. అప్పుడు ఫ్లాపీ పెట్టే సందు కనబడింది. అడ్డంగా, సన్నగా, అచ్చం మూసుకున్న నోరు. నోరున్నదానికి నైవేద్యం చూపించి తీసేస్తారా? తినిపించాను. చెంచాడు చక్కెర, నాలుగు అక్షింతలు. చక్కగా మింగింది. (కోడలా, నవ్వడం ఆపి రాయి.)

మర్నాడు శోభ ఫ్లాపీ పెడితే గర్‌ర్ మని పళ్ళు కొరికింది. చదవలేదు. కాసేపటికి సందులోంచి చీమలు బయటికొచ్చాయి, పెళ్ళి భోజనం చేసి వస్తున్నట్టు. ఒక మెకానిక్‌ను పిలిచాం. విప్పాడు, దులిపాడు, లోపల ఏదో తిప్పాడు. "ఇది వంకరగ ఉండె అమ్మా. సీదా చేసిన" అని కొత్త ఫ్లాపీ పెట్టి చూపించాడు. చదివింది. అతను వెళ్ళాక మా ఫ్లాపీ పెట్టాం. చదవలేదు. ఇంకోటి. ఊహూఁ. టిఫిన్‌లోని ఇరవైమూడూ పెట్టాం. ఒక్కటీ చదవలేదు. మళ్ళీ అడిగితే "ఫ్లాపీలే పోయినయి, పారేయ్" అన్నాడు.

ఆ వరుసకంతా పెద్ద మల్లేశన్న. మంచివాడే, కానీ నలుగురికి జవాబు చెప్పుకోవాలి. "చెల్లె, డబ్బా ఖాళీగుంచుడు కుదరదు. నలుగురు అడుగుతున్నరు. సోమవారం నేనే వస్త. ఒక్క కాగితం తీసి చూపియ్యి, డబ్బా నీదే. లేకపోతే ఇంకొకనికి ఇయ్యాలె." శోభకు టైపింగ్ వచ్చు గానీ, ఏ కాగితంలో ఏం రాయాలో మా ఆయనకే తెలుసు. అదంతా ఆ ఫ్లాపీల్లో ఉంది. డబ్బా పోతే నాకు బువ్వ పోయినట్టే. అప్పటికి శనివారం. చాయ్ అమ్మే అతను హుస్సేనీ ఆలం చాచా పేరు చెప్పాడు.

కంప్యూటర్ను పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "బచ్చాకు బుఖారా అమ్మా? జరమొచ్చిందా?" అన్నాడు.

"హౌ. చక్కెర తిన్నడు" అన్నాను.

చాచా దాన్ని బల్ల మీద పెట్టించాడు గానీ, దానివైపు చూడలేదు. నన్ను చూశాడు.

"ఎవరు వాడిండ్రు దీన్ని?"

"మా ఆయన."

"ఎసొంటి మనిషి? కోపమెక్కువా? పాన్ తింటడా? కుడిచెయ్యా, ఎడమచెయ్యా?"

"మనిషి పోయిండు చాచా. నువ్వు మిషన్ చూడు."

ఆయన సాసర్లో చాయ్ వంచి సగం నా ముందు పెట్టాడు. "మనిషిని చూడకుండ మిషన్ను ఎట్ల చూడాలె బెహన్? చెప్పు."

చెప్పాను. పక్కకు ఒరిగి కూర్చునేవాడని, ఫ్లాపీని చొక్కాకు రుద్ది పెట్టేవాడని, బయటికి రాకపోతే బతిమాలేవాడని. అన్నీ చెప్పాను, చక్కెర సంగతి తప్ప. ఆయన డ్రైవు విప్పి న్యూస్‌పేపర్ మీద పెట్టాడు. అందులోంచి ఒక చీమ బయటికొచ్చి, పేపర్ మీద రాజకీయాల పేజీ దాటి, ఆటల పేజీకి నడిచింది. చాచా రెండు కళ్ళజోళ్ళూ ఒకదానిమీదొకటి పెట్టుకుని దాన్ని చూశాడు.

"ఏ కౌన్ హై? ఎవరీయన?"

ఇక దాచడం కుదరలేదు. చెప్పేశాను. ఆయన నోట్లోంచి నాలుగు స్క్రూలు నాలుగు దిక్కులకు పోయాయి. బల్ల మీద తల పెట్టి భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నాడు. తెర వెనక నుంచి భార్య, "క్యా హువా జీ?" అంది.

"డ్రైవుకు... శక్కర్ తినిపించింది! చావల్ కూడా!"

"ప్యార్ సే ఖిలాయీ బిచారీ! తుమ్ హస్తే కైకు?" అని, పాపం ప్రేమతో తినిపిస్తే నవ్వుతావెందుకని, ఆమె మందలించింది. నా తరఫున మాట్లాడిందా, ఆమె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుందా, తెర వెనక ఏం జరిగిందో నాకు తెలియదు. మేం ముగ్గురం కలిసి స్క్రూలు వెతికాం. తెర కింది నుంచి ఒక చెయ్యి వచ్చి రెండు స్క్రూలు బయటికి తోసింది.

తర్వాత ఆయన పని మొదలుపెట్టాడు. వైరు మార్చి చూశాడు. దూదికి స్పిరిట్ అద్ది లోపల తుడిచాడు. దూది నల్లగా వచ్చింది. "సాంబ్రాణి కూడా వేసినవా? నేను కూడా జుమేరాత్, బేస్తవారం నాడు ఊదు వేస్త. కానీ మిషన్ల మీద దుప్పటి కప్పి వేస్త బెహన్." కొత్త ఫ్లాపీ పెట్టాడు, చదివింది. మాది పెట్టాడు, గర్‌ర్. మా ఫ్లాపీలు తన దగ్గరున్న మూడు కంప్యూటర్లలోనూ పెట్టి చూశాడు. మూడూ గర్‌ర్ మన్నాయి. అప్పుడు ఆయన అడిగాడు:

"దీన్ని ఎవరన్న సీదా చేసిండ్రా?"

"హౌ. మొన్న మెకానిక్ వచ్చి సీదా చేసిన అన్నడు."

నుదుటి మీద కొట్టుకున్నాడు. అక్కడున్న కళ్ళజోడు మర్చిపోయి కొట్టుకున్నాడు.

"నీ గాజులు చూడు" అని, నా చేతులు బోసిగా ఉండడం చూసి నాలుక కరుచుకుని, తెరవైపు తిరిగి భార్యను గాజులడిగాడు. తెర కింది నుంచి చిన్నవీ పెద్దవీ అరడజను మట్టిగాజులు వచ్చాయి. పెద్దదాంట్లో చిన్నది, చిన్నదాంట్లో ఇంకా చిన్నది పెట్టాడు. "ఫ్లాపీ మీద రాత గిట్ల గుండ్రాలు గుండ్రాలుగ ఉంటది. నీ మియా డ్రైవు గుండ్రం మీద రాయలే, వెంట్రుకంత పక్కకు రాసింది. ఇన్నేండ్లు పక్కకే రాసింది, పక్కకే చదివింది. దాని రాత దానికే తెలుసు. ఆ పెద్దమనిషి వచ్చి దీన్ని సీదా చేసి పోయిండు. ఇగ ఇది సీదాగ చూస్తది. రాతేమో పక్కకుంది."

"అయితే నా ఫ్లాపీలు పోలేదా?"

"ఎక్కడికి పోతయి? ఉన్నకాడనే ఉన్నయి. దీన్నే మళ్ల వంకర జెయ్యాలె." తన మాట తనే విని ఆయనకు మళ్ళీ నవ్వొచ్చింది. "రేడియోల జమానా సంది వంకరయి సీదా చేసిన. సీదాది వంకర చేసుడు పహ్లీ బార్, ఇదే మొదటిసారి!"

కానీ ఏ పక్కకు వంకర? ఎంత వంకర? ముందు ఎక్కడుందో గుర్తు పెట్టకుండానే ఆ మెకానిక్ తిప్పేసి పోయాడు. మోటారును పట్టుకున్న రెండు స్క్రూలు పేచ్‌కస్‌తో, అదే స్క్రూడ్రైవర్‌తో, వదులు చేసి, వేలి కొనతో కొద్దికొద్దిగా తిప్పుతూ, ఎక్కడ చదువుతుందో చూసుకోవాలి. చదివేటప్పుడు చప్పుడు మారుతుందట. "ఆ చప్పుడు వినేటందుకు చెవులుండాలె" అని తన చెవులు పట్టుకుని చూపించాడు.

"నాకున్నయి చాచా" అన్నాను. "ఇన్నేండ్లు దాని పక్కకే కూసున్న."

"అయితే ఎట్లుండె? చేసి చూపియ్యి."

సిగ్గేసింది. అయినా డబ్బా గుర్తొచ్చి, నోటితో చేశాను. "టిక్... టిక్... కుర్‌ర్‌ర్... టక్." ఆయనకు వినబడలేదు. గట్టిగా చేశాను. ఇంకా గట్టిగా చేశాను. వీధిలో పోయే మేక ఆగి చూసింది. చివరికి ఆయన కూడా కుర్‌ర్ మన్నాడు. "అట్ల గాదు చాచా, నీది కోడి" అన్నాను. తెర వెనక నుంచి ఆమె చేసింది. ఆమెది అచ్చం కుదిరింది!

అలా మొదలైంది. ఆయన తిప్పుతాడు, నేను ఫ్లాపీ పెడతాను, గర్‌ర్. తీస్తాను. తిప్పుతాడు, పెడతాను, గర్‌ర్. ఒక పక్కంతా అయిపోయింది. రెండో పక్క మొదలుపెట్టాం. అసర్ నమాజుకు వెళ్ళి వచ్చాడు. మళ్ళీ తిప్పాడు. ఉన్నట్టుండి గర్‌ర్ మధ్యలో చిన్న కుర్ వినబడింది.

"దాటినవ్ చాచా! ఎనకకు రా!"

"ఎంత?"

"వెంట్రుకంత. సగం వెంట్రుక!"

"వెంట్రుకల సగం ఎట్ల చెయ్యాలె యా అల్లా!"

వేలు కదిలిందో లేదో. టిక్. టిక్. కుర్‌ర్‌ర్. టక్.

ఆ చప్పుడు వినగానే నా చెయ్యి దానంతట అదే పిన్నుల డబ్బీ కోసం వెతికింది. కాగితం వస్తుంది, పిన్ను కొట్టాలి కదా, అలవాటు. ఆయన భుజం మీద ఒక్కటి చరిచాను. "ముట్టకు! ఇదే! ఇదే చాచా!" ఆయన నోట్లో స్క్రూలతో శిలావిగ్రహంలా ఆగిపోయాడు.

స్క్రూ బిగించాడు. బిగించగానే అది కదిలింది. గర్‌ర్.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో తెలియదు. మళ్ళీ మొదటినుంచి. ఈసారి దొరికాక ఆయన ఊపిరి బిగబట్టి, స్క్రూ పూర్తిగా బిగించకుండా, "ఏవ్! నాఖూన్ కా రంగ్!" అని కేకేశాడు. తెర కింది నుంచి ఎర్ర గోళ్ళరంగు సీసా దొర్లుకుంటూ వచ్చింది. మోటారు కదలకుండా దాని అంచున రెండు చుక్కలు పెట్టాడు. ఆరేదాకా ఊదాడు, తర్వాత బిగించాడు. కదలలేదు.

తెర మీద పేర్లు బారులు కట్టాయి. నాకు చదవడం రాదని ఆయనే గట్టిగా చదివాడు. కిరాయి, అఫిడవిట్టు, బండి, పేరు మార్పు ఒకటి, పేరు మార్పు రెండు, పేరు మార్పు ముప్ఫైనాలుగు... "అరే! నీ మియా సగం నయాపూల్ పేర్లు మార్పించిండు గదా!" ఇరవైమూడు ఫ్లాపీలూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, అన్నిటినీ కంప్యూటర్ కడుపులోకి ఎక్కించాడు. పప్పు కారిన ఫ్లాపీ కూడా చదివింది. దాన్ని వాసన చూసి, "కందిపప్పు" అన్నాడు.

"సోమవారం వస్త" అన్నాడు, నేను బయల్దేరేటప్పుడు. "అన్నీ లోపలికి ఎక్కినయి. ఇగ డ్రైవును సీదా చేసి ఇస్త. కొత్త ఫ్లాపీలు రాస్తే దునియా మొత్తం చదవాలె గదా."

సోమవారం మల్లేశన్న పొద్దున్నే వచ్చాడు. వెనక మిగతా డబ్బాలవాళ్ళు నలుగురు. "నా ఇంటికి కిరాయి కాగితం తియ్యి చెల్లె" అన్నాడు. కంప్యూటర్లోంచే తీయొచ్చు. శోభ నావైపు చూసి, ఫ్లాపీ చొక్కాకు రుద్దడానికి చొక్కా లేక చున్నీకి రుద్ది, సందులో పెట్టింది. టిక్. టిక్. కుర్‌ర్‌ర్. టక్. కాగితం బయటికొచ్చింది. పిన్ను కొట్టి ఇచ్చాను. మల్లేశన్న కళ్ళద్దాలు పెట్టుకుని మొదటినుంచి చదివాడు. ఒకచోట ఆగాడు. పైకి చదివాడు: "'మేడ మీద బట్టలు ఆరేసుకొను హక్కు ఇరుపక్షములకు సమానము. వాన వచ్చినచో ముందు చూసినవారు ఇద్దరివీ తీయవలెను.'"

వెనకున్న నలుగురూ పకపకా నవ్వారు. మల్లేశన్న మీసాలు కదిలాయి.

"ఇది మీ ఆయన కాగితమే చెల్లె. ఇంకెవడు రాస్తడు గిట్ల? డబ్బా నీదే. సామాన్లు సర్దుకో." పక్క డబ్బా ఆమెవైపు నేను చూడలేదు. చూశానుగానీ ఎక్కువసేపు చూడలేదు.

మధ్యాహ్నం చాచా వచ్చాడు. రెండు కళ్ళజోళ్ళు, చంకలో గొడుగు. ఎండలో నయాపూల్ దాకా నడిచి వచ్చాడట. స్టూలు మీద కూర్చుని, చాయ్ సాసర్లో వంచి సగం నాకు, సగం శోభకు ఇచ్చి, తనకు లేదని చూసి ఇంకోటి చెప్పాడు.

"అయితే సీదా చెయ్యాల్నా బెహన్?"

శోభ నావైపు చూసింది. సీదా చేస్తేనే మంచిదని నాకూ తెలుసు. అన్ని కాగితాలూ లోపల భద్రంగా ఉన్నాయి. ఫ్లాపీలతో ఇక పని లేదు. చెప్పడానికి నా దగ్గర కారణమేమీ లేదు.

"వద్దు చాచా" అన్నాను. "ఉండనియ్యి."

ఆయన నవ్వుతూ గొడుగు పక్కన పెట్టి, షేర్వానీ జేబులు రెండూ లోపలి గుడ్డతో సహా బయటికి లాగి చూపించాడు. ఒకదాంట్లో తస్బీ మాల, ఒకదాంట్లో బస్సు టిక్కెట్టు.

"పేచ్‌కస్ తెచ్చుకోనేలే" అన్నాడు.